నిత్యోపయోగమునకు మోటారు సైకిలు

ఎద్దును కొనబోవు రైతు సంతలో మొదట పండ్లు చూచును. పిమ్మట సుళ్ళు చూచును. అంతటితో తృప్తి చెందక నాలుగడుగులు నడిపించి, వీలయినచో కాడికి కట్టి, బరువున్న బండిని లాగించి చూచిన తరువాతగాని రొక్కపు మూట విప్పడు. లక్ష రూపాయలకు తక్కువ గాని మోటారు సైకిలును కొను పట్టణవాసికి మాత్రము ఇంతటి ఓపిక ఉండదు. అతడు రంగు చూచును, వాయిదాల లెక్క అడుగును, పొరుగింటివారి మాట వినును, సంతకము చేయును. ఎక్కి నడపి చూచుటయనగా షోరూము వెనుక వీధిలో ఒక చుట్టు చుట్టి వచ్చుటయే. ఆ చుట్టులో తెలియునది హారను మ్రోగుచున్నదా లేదా యను విషయము మాత్రమే.

ఈ ప్రసంగమునకు కారణము మా స్కూటరు. గేర్లు లేని ఆ బండి పదునాలుగేండ్లు మమ్ము సేవించినది. ఇప్పుడు దానికి ముసలితనము వచ్చినది. మెకానిక్కు దానిని చూచినప్పుడెల్లను పెదవి విరచుచున్నాడు. మా ఉద్యోగము ఎటువంటిదనగా, తొలి ప్రసారపు విధి పడినవారు తెల్లవారకమునుపే మైక్రోఫోను ఎదుట కూర్చుండవలయును. ఆ వేళ సిటీ బస్సు తిరుగదు. ఆటో దొరకినచో అదృష్టమే. బండి కదలలేదను సాకు రేడియోలో చెల్లదు. గడియారపు ముల్లు ఆ నిమిషమునకు వచ్చినప్పుడు శ్రోతకు మా కంఠము వినబడవలయును, అంతే. ఇది యొక అవసరము. రెండవది, డెబ్బది రెండేండ్ల మా అమ్మగారిని నెలకు రెండు పర్యాయములు ఆసుపత్రికి తీసికొనిపోవుట. ఈ రెండు పనులను చక్కబెట్టు వాహనమేది యని వెదకుచు, నెల దినములలో మూడు మోటారు సైకిళ్ళను ఎక్కి, విజయవాడ వీధులలో నడపి చూచితిమి. వాటి వ్యాపారనామములు ఇచట చెప్పబోము. ఒకటి 100 సీసీ తరగతిది, ఒకటి 125 సీసీ తరగతిది, మూడవది 350 సీసీ తరగతిది.

మూడవదాని పేరెత్తగానే మా మిత్రులు నవ్విరి. నిత్యము పండ్రెండు కిలోమీటర్లు పోయి, పండ్రెండు కిలోమీటర్లు వచ్చు ఉద్యోగికి 350 సీసీ యేల యనిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను, మా తరమువారికి ఆ బండిపైగల మమకారము ఒకనాటిది కాదు. 1955లో మద్రాసు మోటార్సు వారును, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారును కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిన పిదప, తిరువొత్తియూరు కర్మాగారమునుండి వెలువడిన బుల్లెట్టు దక్షిణదేశమున పోలీసు ఇన్‌స్పెక్టరుకును, మోతుబరి రైతుకును గుర్తుగా నిలిచినది. అది వీధి మొదట ఉండగనే ఇంటిలోని వారికి ఎవరు వచ్చుచున్నారో తెలియుచుండెడిది. 1961లో మైసూరునుండి జావా వచ్చినది. 1985లో నాలుగు స్ట్రోకుల 100 సీసీ హీరో హోండా వచ్చి, లీటరు పెట్రోలుతో ఎంత దూరము పోవచ్చునో చూపి, గుమాస్తాలను, ఉపాధ్యాయులను మోటారు సైకిలుపై ఎక్కించినది. మమకారము ఒకదానిపై, లెక్క మరియొకదానిపై ఉండుట నాటినుండియు మన మధ్యతరగతి కుటుంబములలో ఉన్నదే.

స్కూటరునుండి మోటారు సైకిలునకు మారువారు మొట్టమొదట చూచుకొనవలసినది డ్రైవింగు లైసెన్సు. గేర్లు లేని వాహనమునకు మాత్రమే లైసెన్సు కలవారు గేర్ల బండిని పరీక్షకైనను రోడ్డుపై నడపరాదు. ఈ సంగతి షోరూమువారు అడుగకపోవచ్చును, ప్రమాదము జరిగిన పిదప బీమావారు తప్పక అడుగుదురు. రెండవది, నిత్యము ధరించు దుస్తులతో, నిత్యము తగిలించుకొను సంచితో, మీ సొంత హెల్మెటుతో పోవలయును. ఆదివారపు తీరికలో కాక, మీరు రోజూ పయనించు వేళలోనే పోవలయును. మేము సాయంకాలము ఐదున్నరకు బందరు రోడ్డుపై నడపి చూచెదమనగా షోరూములోని కుఱ్ఱవాడు తెల్లబోయెను. “సార్, అప్పుడు ట్రాఫిక్కు బాగా ఉంటుందండీ, బండి పవరు తెలియదు” అనెను. మాకు కావలసినది పవరు కాదు, ఆ ట్రాఫిక్కే యని నచ్చజెప్పవలసి వచ్చినది.

మరియొక సూక్ష్మము కలదు. మనము పోవునప్పటికి షోరూమువారు ఇంజనును ముందే నడపి, వేడెక్కించి ఉంచుదురు. ఇది మోసమనుటకు లేదు, అతిథికి కాఫీ సిద్ధము చేసినట్టిదే. కాని తెల్లవారుజామున నాలుగున్నరకు మన వాకిటిలో బండి చల్లగా ఉండును. చల్లని ఇంజను ఒక్క మీటతో మేల్కొనునా, మేల్కొనినపిదప నిలకడగా తిరుగునా యనునది మాకు ముఖ్యము. కావున మేము ముందుదినమే చెప్పి, తాళము తెరువగనే పోయి, ఇంజను కవచముపై చేయి ఉంచి చల్లగా ఉన్నదని చూచుకొని, అప్పుడు స్టార్టు చేసితిమి. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి ఆరు నియమములు వచ్చిన తరువాత కార్బురేటరు స్థానమున ఇంధనమును చిమ్ము పద్ధతి వ్యాపించినది. చలివేళ చోకు లాగు పని తప్పినది. మూడు బండ్లును మొదటి ప్రయత్నముననే లేచినవి. అయితే ఈ పద్ధతిలో పెట్రోలు పంపునకు విద్యుత్తు కావలయును. బ్యాటరీ పూర్తిగా చచ్చినచో కిక్కు ఉన్న బండియు మొరాయింపవచ్చును. మునుపటివలె నలుగురు కలిసి తోసినంత మాత్రమున లేచునను ధీమా లేదు. వేకువ ఉద్యోగము కలవారు బ్యాటరీ వయస్సును పుట్టినరోజువలె గుర్తుంచుకొనుట మేలు.

ఇక స్టార్టు చేయకమునుపే చూడదగిన పరీక్ష యొకటి కలదు. దీనిని ఎవరును చేయరు. మాకు మాత్రము అన్నిటికంటె ఎక్కువ నేర్పినది ఇదియే. బండిపై కూర్చుండక, ప్రక్కన నిలిచి, దానిని స్టాండునుండి దించి, వెనుకకు పది అడుగులు నెట్టి, త్రిప్పి, మరల స్టాండుపై నిలుపుట. 100 సీసీ బండి సుమారు 112 కిలోలు. 125 సీసీది దానికంటె కొంచెము బరువు. 350 సీసీ బండి 195 కిలోలు. కాగితముపై ఇవి అంకెలు. మా ఇంటి ముందటి వాలులో, ఇరుగుపొరుగు బండ్ల నడుమ ఇరుక్కొనియున్న దానిని వెనుకకు లాగవలసివచ్చినప్పుడు ఆ 80 కిలోల వ్యత్యాసము నడుమునకు తెలియును. యౌవనములో దీనిని బలమనుకొందుము, నలుబది దాటినపిమ్మట వెన్నుపూస వేరుమాట చెప్పును. సీటు ఎత్తు కూడ ఇచటనే తెలియును. 805 మిల్లీమీటర్ల సీటుపై కూర్చుండి రెండు పాదములను నేలపై పూర్తిగా ఆన్చగలిగితిమి గనుక మాకు ఇబ్బంది లేకపోయెను. మునివ్రేళ్ళు మాత్రమే అందువారు ఇసుకపడిన కూడలిలో ఆగవలసివచ్చినప్పుడు ఏమగునో ఊహించుకొనవలయును.

బందరు రోడ్డుపైనుండి బెంజి సర్కిలువైపు పోవుట మా మొదటి పరీక్ష. ఆ వేళ వేగము పదునైదు ఇరువది కిలోమీటర్లు దాటదు. స్కూటరుపై ఇది సులభము, ఏలయన పట్టుటకు క్లచ్చి లేదు, మార్చుటకు గేరు లేదు. మోటారు సైకిలుపై ఎడమచేతి పని మరల మొదలగును. ఇంత నెమ్మదిగా పోవునప్పుడు క్లచ్చిని పూర్తిగా వదలక, కొంచెము పట్టి, కొంచెము విడిచి, ఇంజనును చావనీయక నడపవలయును. 125 సీసీ బండికి క్లచ్చి మెత్తన. 350 సీసీ దానికి కొంత బిగువు కలదు, కాని దాని ఇంజనులో మరియొక గుణము కలదు. తక్కువ వేగముననే బలము ఎక్కువగా పుట్టుటచే రెండవ గేరులో ఎద్దుబండివలె నింపాదిగా నడచును. మాటిమాటికి గేరు మార్చు పనిలేదు. ఈ గుణమును మెచ్చుకొనక తప్పదు. బెంజి సర్కిలు వద్ద ఎఱ్ఱదీపము పడినది. గాలిచే చల్లబడు ఇంజను నిలిచియున్నప్పుడు గాలి ఎక్కడనుండి వచ్చును? కుడి మోకాలి క్రింద వేడి సెగ మొదలయినది. అది మాఘమాసము. మే నెలలో, నలుబది డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున, అదే కూడలిలో అదే దీపము వద్ద ఎట్లుండునో మేము గణించుకొంటిమి.

బ్రేకుల విషయమున కొంత ఆగి చెప్పవలసియున్నది. మనవారిలో చాలమందికి ముందు బ్రేకనిన భయము. పట్టినచో బండి పల్టీకొట్టునని తలంచి, వెనుక బ్రేకుతోనే కాలక్షేపము చేయుదురు. నిజమునకు బ్రేకు వేయగనే బరువు ముందునకు వాలి ముందు చక్రము నేలను గట్టిగా ఒత్తును, వెనుక చక్రము తేలికపడును. కావున ఆపగల శక్తి అధికముగా ముందు చక్రముననే ఉన్నది. దానిని ఒక్కసారిగా గుంజక, క్రమముగా బిగింపవలయును. లెక్క చూడుడు. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. ఎదుట కుక్క అడ్డము వచ్చినదని కన్ను చూచి, చేయి కదలుటకు ఒక సెకను పట్టిననుకొన్నచో, ఆలోపుననే 10 మీటర్లు పోయితిమి. మంచి బ్రేకులు పొడి రోడ్డుపై ఆపుటకు ఇంకొక 10 మీటర్లు. వెరసి 20. వేగము 54 అయినచో మొదటి భాగము 15 మీటర్లు, రెండవ భాగము ఇరువది రెండున్నర మీటర్లు. వెరసి ముప్పది ఏడున్నర. వేగము ఒకటిన్నర రెట్లే పెరిగినను ఆగు దూరము ఇంచుమించు రెట్టింపు అయినది. 2019 ఏప్రిల్ 1నుండి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రము బిగుసుకొనిపోకుండ కాపాడు ఏబీఎస్ అను ఏర్పాటు తప్పనిసరి చేయబడినది. అంతకు లోబడిన బండ్లకు ఒక మీట నొక్కినచో రెండు చక్రములకును బ్రేకు పడు ఏర్పాటయినను ఉండవలయునని నియమము. పరీక్షలో మేము రద్దీలేని చోట, వెనుక ఎవరును లేకుండుట చూచుకొని, ఇసుక జల్లిన అంచున 350 సీసీ బండిని గట్టిగా ఆపి చూచితిమి. మీట వ్రేళ్ళక్రింద టకటక కొట్టుకొనినది, చక్రము జారలేదు. ఆ టకటక విని కొందరు భయపడి చేయి వదలుదురు. వదలరాదు, అది యంత్రము తన పని చేయుచున్న చప్పుడు.

మరునాడు ప్రకాశం బ్యారేజి మీదుగా ఉండవల్లి వైపు పోయి వచ్చితిమి. 1957లో పూర్తియైన ఈ బ్యారేజి పొడవు పండ్రెండువందల మీటర్ల పైచిలుకు. కృష్ణ మీదినుండి అడ్డముగా వీచు గాలిలో చిన్నచక్రముల స్కూటరు తడబడుట మేము ఏండ్ల తరబడి ఎరిగినదే. 195 కిలోల బండి ఆ గాలిని లెక్కచేయలేదు. 125 సీసీది కొంచెము ఊగి సర్దుకొన్నది. చక్రపు పరిమాణము కూడ ఇచట గమనింపదగినది. స్కూటరు చక్రము పది లేక పండ్రెండు అంగుళములది, మోటారు సైకిలుది పదునేడు, పదునెనిమిది. గుంట ఒక్కటే అయినను చిన్న చక్రము అందులోనికి దిగిపోవును, పెద్ద చక్రము దాని అంచులపై దాటిపోవును. వానకాలము వెళ్ళిన తరువాత మన వీధులలో నడపువారికి ఈ యొక్క కారణము చాలును, స్కూటరును వదలుటకు.

2020లో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కినపుడు ఇంకొక విషయము స్ఫురించినది. అచట కొండ ప్రక్కగా మలుపు కలదు. మోటారు సైకిలు కొంత వేగముగా పోవునప్పుడు హ్యాండిలును త్రిప్పుటచేత తిరుగదు, ఒరుగుటచేత తిరుగును. కుడివైపునకు పోవలయుననిన కుడిచేతి పిడిని మెల్లగా ముందునకు నెట్టవలయును. చెప్పినచో విపరీతముగా తోచును, కాని సైకిలు తొక్కు ప్రతివాడును తెలియకయే చేయుచున్నది ఇదియే. బరువైన బండికి ఆ నెట్టుట కొంచెము స్పష్టముగా చేయవలయును. స్కూటరునకు అలవడిన చేతులకు ఇది పట్టుబడుటకు రెండు మూడు దినములు కావలయును గనుక, ఒక్క చుట్టుతో బండి మంచిచెడ్డలు తేల్చుట ఆ బండికిని న్యాయము కాదు. మేము మూడింటిని రెండేసి పర్యాయములు అడిగి తీసికొంటిమి. రెండవసారి అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

ఇంతవరకు మా పరీక్ష. అసలు పరీక్ష అమ్మగారిది.

మూడవ వారమున ఆమెను ఆటోలో షోరూమునకు తీసికొనిపోయితిమి. కుఱ్ఱవాడు మర్యాదస్థుడు, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చెను. వెనుక కూర్చుండువారికై కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 123వ నియమము మూడు విషయములు చెప్పుచున్నది. పట్టుకొనుటకు స్థిరమైన పిడి, కాలుపెట్టుటకు ఆనిక, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును కనీసము సగము కప్పు కవచము. మనము శారీ గార్డు అనునది ఇదియే. అందము చెడునని కొందరు పడుచువారు దీనిని ఊడదీయింతురు. కట్టుకొన్న చీర అంచు చక్రములో పడినచో ఏమగునో ఆసుపత్రులవారిని అడిగినచో చెప్పుదురు. 350 సీసీ బండి వద్దకు వచ్చి అమ్మగారు వెనుక సీటును చేతితో తట్టి, ఎత్తు చూచి, “ఎక్కటం సరేరా అబ్బాయీ, దిగటం ఎట్లా?” అనిరి.

దిగుట నిజముగా కష్టమే. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. పీట వేసి ఎక్కించితిమి. ఒక ప్రక్కకు కూర్చుండుటచే కాళ్ళ బరువంతయు ఎడమవైపే పడినది. బండి తనంతట ఎడమకు వాలుటకు చూచుచున్నది. షోరూము ఆవరణలో నడక వేగమున రెండు చుట్లు తిరిగితిమి. ఆమె మా భుజమును పట్టుకొన్న పట్టులో ఎంత భయమున్నదో అంగీ గుండ తెలిసినది. 125 సీసీ బండి సీటు కొంత తక్కువ ఎత్తు, చదునైనది, పొడవైనది. దానిపై ఆమె కొంత నెమ్మదిగా కూర్చుండిరి. అయినను హెల్మెటు పెట్టగనే మెడ బరువెక్కినదనిరి. వెనుక కూర్చుండువారికిని హెల్మెటు చట్టరీత్యా తప్పదు. అమ్మగారు దిగి, చీర సర్దుకొని, కుఱ్ఱవాని ఎదుటనే చెప్పిరి: “నేను ఆటోలో వస్తాలే. నువ్వు చీకట్లో ఎక్కడా ఆగిపోకుండా పోయేదాన్ని కొనుక్కో.”

ఆ రాత్రి కాగితముపై లెక్క వేసితిమి. దినమునకు 24 కిలోమీటర్లు, నెలకు 25 దినములు, వెరసి 600 కిలోమీటర్లు. 125 సీసీ బండి పట్టణములో లీటరునకు 55 ఇచ్చుననుకొన్నచో 11 లీటర్లు. 350 సీసీది 35 ఇచ్చుననుకొన్నచో 17 లీటర్లు. భేదము 6 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున 660 రూపాయలు. అమ్మగారు నెలకు రెండుసార్లు ఆసుపత్రికి పోయి వచ్చు ఆటో కిరాయి ఇంచుమించు దీనితో సరిపోవును. ఈ సమానత్వము చూచినపిమ్మట మాకు సంశయము మిగులలేదు. టైర్లు, చైను, బీమా మొదలయిన వాటిలోను పెద్ద బండికే ఖర్చు ఎక్కువ. 100 సీసీ దానికి పెట్రోలు ఇంకను తక్కువ పట్టునుగాని, ఫ్లైఓవరు ఎక్కునప్పుడు వెనుకనుండి వచ్చు బస్సుకంటె ముందుండుటకు దానికి ఊపిరి చాలలేదని మాకు తోచినది. బక్కపలుచని యువకుడు ఒంటరిగా పోవుటకు అది చాలును.

స్కూటరును వదలుటవలన పోవునవి లేకపోలేదు. కాళ్ళ ముందటి ఆ చదునైన చోటు విలువ అది లేనప్పుడుగాని తెలియదు. 25 కిలోల బియ్యపు బస్తా, మామిడికాయల బుట్ట, పండుగనాటి అరటి పిలకలు, అన్నియు అచటనే కుదురుచుండెడివి. మోటారు సైకిలు పెట్రోలు టాంకుపై బస్తా పెట్టుకొని పోవువారిని చూచుచునే ఉన్నాము, అది హ్యాండిలును తిరుగనీయదు. ఇక బియ్యము కొట్టువానిచేతనే ఇంటికి పంపించుకొనవలయును. సీటు క్రింది పెట్టె పోవుటచే వానకోటును సంచిలో మోయవలయును. గేర్లు లేని సౌఖ్యము పోవుటయు నష్టమే. చేతికీళ్ళ నొప్పి కలవారు ఈ యొక్క కారణముచే స్కూటరునకే అంటిపెట్టుకొని ఉండుట మంచిది. మోటారు సైకిలు అందరికిని మేలని మేము చెప్పుట లేదు.

350 సీసీ బండిని తిరిగి అప్పగించునప్పుడు దానివైపు ఒకసారి చూడకపోతిమనిన అది అబద్ధమగును. బ్యారేజిపై దాని నడక మా మనస్సులో ఉన్నది. సెలవులకు సూర్యాపేట మీదుగా హైదరాబాదు పోవు అలవాటు కలవారికి, వెనుక ముసలివారు కూర్చుండు అవసరము లేనివారికి, వీధిలో దానిని నిలుపుకొను చోటు కలవారికి అది తగినదే.

125 సీసీ బండికి బయానా ఇచ్చితిమి. బండి అప్పగించు దినమున చూడవలసినవి రెండు. మనము నడపినది పరీక్షల బండి, మనకు ఇచ్చునది వేరొకటి. కావున ఫ్రేముపైనున్న పలకలో తయారైన నెల, సంవత్సరము చదువుకొనవలయును. టైరు ప్రక్కన చిన్న చట్రములో నాలుగంకెలు ముద్రింపబడి ఉండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2325 అని ఉన్నచో 2025వ సంవత్సరపు 23వ వారమున ఆ టైరు పుట్టినదని అర్థము. ముందు టైరునకును వెనుక టైరునకును ఈ అంకెలు దూరదూరముగా ఉన్నచో కారణమడుగుడు. సమాధానము తృప్తికరముగా లేనిచో తాళపుచెవులు పుచ్చుకొనకుడు.